పెద్దమ్మ ఆర్పిన హారతి

పెద్దమ్మ పోయిందని ఆవిడ కొడుకు, మా అన్నయ్య, ఫోన్ చేసినప్పుడు నేను స్టవ్ మీద పాలు పెట్టి, పొంగకుండా చూసుకుంటూ పక్కనే నిలబడి ఉన్నాను. "అమ్మ లేదే" అన్నాడు. నేను ముందు స్టవ్ కట్టేశాను. తర్వాత సిలిండర్ రెగ్యులేటర్ తిప్పి ఆపాను. ఆ తర్వాతే కింద కూలబడి ఏడ్చాను. ఆ వరస నాకు నేర్పింది పెద్దమ్మే.

నిజం చెప్పాలంటే ఏడుపు కన్నా ముందు భయం వేసింది. మా ఇంటిల్లిపాది తరఫునా ఇన్నేళ్ళు ఆవిడొక్కతే భయపడింది. మేం ఆవిడని వెక్కిరిస్తూ హాయిగా తిరిగాం. ఇప్పుడు ఆ పని ఎవరు చేస్తారన్న ఆలోచన వచ్చేసరికి, ఆపేసిన స్టవ్ దగ్గరికి మళ్ళీ వెళ్ళి చూసుకున్నాను.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. అమ్మది టీచరు ఉద్యోగం, బదిలీల మీద బదిలీలు. నా చదువు పాడవుతుందని పదో తరగతి దాకా పెద్దమ్మే నన్ను తన దగ్గర ఉంచుకుంది. ముసునూరు దాటాక రోడ్డు పక్కన వాళ్ళ మామిడి తోట. తోట మొదట్లోనే ఇల్లు, ఇంటి ముందు వాకిలి, వాకిలికి అవతల రేకుల షెడ్డు. ఎండాకాలం వస్తే షెడ్డు నిండా వరిగడ్డి పరిచి కాయలు మగ్గబెట్టేవాళ్ళు. ఒక పక్క చిన్నరసాలు, ఒక పక్క బంగినపల్లి. మాకది పండగ. పెద్దమ్మకి మాత్రం ఆ గడ్డి ఉన్నన్నాళ్ళూ కంటి మీద కునుకు ఉండేది కాదు.

ఆవిడ పుట్టిల్లు ఉంగుటూరు వైపు, వరి పండే ఊరు. మా అమ్మ ఇంకా పుట్టకముందు వాళ్ళ గడ్డివామి తగలబడిందట. వామి పక్కనే కట్టేసి ఉన్న గేదె పలుపు తెంపుకోలేకపోయిందట. పెద్దమ్మ ఆ సంగతి నాకు ఒక్కసారే చెప్పింది, పప్పు రుబ్బుతూ. "దాని అరుపు నా చెవుల్లోంచి పోలేదే" అని మళ్ళీ రుబ్బుకోవడం మొదలుపెట్టింది.

అందుకే ఆవిడ అగ్గిపెట్టెని మూత ఉన్న ఇత్తడి డబ్బాలో పెట్టి, పిల్లలకి అందని గూట్లో ఉంచేది. కాలిన పుల్లని గ్లాసు నీళ్ళలో ముంచి గానీ పారేసేది కాదు. అన్నిటికన్నా నాకు బాగా గుర్తున్నది ఒకటి ఉంది. పుల్ల గీసే ముందు తల కాస్త పైకెత్తి, కళ్ళు మూసుకుని, గాలిని మెల్లగా లోపలికి పీల్చేది. గ్యాసు వాసన ఉందా, కిరసనాయిలు వాసన ఉందా అని. దేవుడి దగ్గర దీపం పెట్టేటప్పుడు కూడా అంతే. పూజకి ఆలస్యమవుతోందని ఎవరన్నా తొందరపెడితే, "దేవుడు ఆగుతాడు. నిప్పు ఆగదు" అనేది. దీపావళికి మేం మతాబులు కాలుస్తుంటే ఆవిడ తడిపిన గోనెసంచి ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చునేది. కొత్తచీర కట్టుకున్నా సరే, తడి గోనె ఒళ్ళో ఉండాల్సిందే.

"మా ఇంట్లో ఫైరింజనుందండీ. దానికి నీళ్ళు పొయ్యక్కర్లేదు, పూటకింత కాఫీ పోస్తే చాలు" అని పెదనాన్న వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వేవాడు. పెద్దమ్మ కోపం తెచ్చుకునేది కాదు. "భయం కాపలా కుక్కలాంటిదండీ. మొరిగితే విసుక్కుంటాం గానీ, ఇంత అన్నం పెట్టి ఉంచుకోవాలి" అనేది. మేం ఆ కుక్కని కూడా వెక్కిరించాం.

ఇక కారు సంగతి. పెదనాన్నకి ఒక చిన్న తెల్ల కారు ఉండేది. మనిషి సోకైనవాడు. ఆదివారం వస్తే బనీనుతో వాకిట్లో నిలబడి దాన్ని దూడని కడిగినట్టు కడిగేవాడు. ఒకరోజు సాయంత్రం నూజివీడు వెళ్ళి, "ఫుల్ ట్యాంకు కొట్టించానే, పొద్దున్నే ద్వారకా తిరుమల బయల్దేరుతున్నాం" అని చెప్పి, కారుని షెడ్డులో పెట్టి వచ్చాడు. తెల్లవారేసరికి గుండెనొప్పి. ఆసుపత్రికి వెళ్ళింది అంబులెన్సులో. మనిషి తిరిగి రాలేదు, మళ్ళీ ఆ కారు తాళాలు ముట్టుకోలేదు.

పెద్దమ్మ ఆ కారుని ఎవరికీ ఇవ్వనివ్వలేదు, కదపనివ్వలేదు. పైన టార్పాలిన్ కప్పించింది. ఏటా ఎండాకాలం దాని చుట్టూనే గడ్డి పరిచేవాళ్ళు, దాని చుట్టూనే కాయలు మగ్గేవి. పిల్లలు దాని నీడన చాప వేసుకుని మధ్యాహ్నాలు నిద్రపోయేవాళ్ళు. ఒక్క అగ్గిపుల్లని ఆ షెడ్డు గడప దాటనివ్వని మనిషి, ట్యాంకు నిండా పెట్రోలుని మాత్రం గడ్డి మధ్యలో ఏళ్ళ తరబడి ఉంచుకుంది. ఆవిడకే కాదు, మాలో ఎవరికీ అది తట్టలేదు. పెదనాన్న చివరిసారి చేసిన పని ఆ ట్యాంకులో ఉందని ఆవిడ అనుకునేది. మేం అసలేమీ అనుకోలేదు.

కిందటేడు ఎండాకాలం అన్నయ్య కూతురికి ఏలూరులో ఉద్యోగం వచ్చింది. పిల్ల డ్రైవింగ్ నేర్చుకుంటానంది, తాతయ్య కారే కావాలంది. పెద్దమ్మ కొన్నాళ్ళు సరిగ్గా అన్నం తినలేదు. చివరికి "పిల్ల ఎక్కుద్దంటే ఆయన మాత్రం వద్దంటారా" అని తాళాలు తీసిచ్చింది.

విస్సన్నపేట నుంచి మెకానిక్ వచ్చి ట్యాంకు మూత తీసి వాసన చూసి మొహం పక్కకి తిప్పుకున్నాడు. "పెట్రోలు పాడైపోయిందండీ. కదిలించమాకండి, స్టార్ట్ అసలు చెయ్యమాకండి. జిగురంతా ఇంజన్లోకి పోద్ది. నేనొచ్చి ట్యాంకు దింపుతాను, అప్పటిదాకా ముట్టుకోవద్దు" అని చెప్పి, చేతిలో వేరే పనులున్నాయని వచ్చేవారానికి వాయిదా వేసి వెళ్ళాడు. అన్నయ్య అప్పటికే పంతులుగారిచేత శుక్రవారానికి ముహూర్తం పెట్టించాడు. ముహూర్తమూ మెకానిక్కూ కుదరకపోతే మా ఇళ్ళలో ఆగేది ఎవరో మీకు తెలుసు. వదిన తమ్ముడు ఆ రోజు వచ్చి ఉన్నాడు. "పైపు పెట్టి లాగేస్తే అయిపోయే పనికి వారం ఎందుకు బావా?" అన్నాడు. కొరివితో తల గోక్కోవడం ఇలాగే మొదలవుతుంది. ఒకడు సలహా ఇస్తాడు, ఇంకొకడికి తొందరగా ఉంటుంది.

శుక్రవారం పొద్దున నేనూ వెళ్ళాను. వాకిట్లో ఎండ మాడుతోంది. ఇంటి వరండాలో పెద్దమ్మ కూర్చుని ఆవకాయ ముక్కలు గుడ్డతో తుడుస్తోంది. పెట్రోలు లాగే సంగతి ఆవిడకి ఎవరూ చెప్పలేదు. మోకాళ్ళ నొప్పులతో ఆవిడ అప్పటికే గోడ పట్టుకుని నడుస్తోంది. షెడ్డులో అన్నయ్యా, వదిన తమ్ముడూ రబ్బరు గొట్టం పెట్టి నోటితో పీలుస్తున్నారు, ఉమ్మేస్తున్నారు, నవ్వుకుంటున్నారు. గొట్టంలోంచి వచ్చింది పెట్రోలులా లేదు. కాఫీ డికాక్షన్ రంగులో, పులిసిపోయిన రంగుల డబ్బా వాసనతో ఉంది. మామిడికాయలు కడిగే ప్లాస్టిక్ టబ్బులోకి దాన్ని పట్టారు. టబ్బు నిండి అంచులు దాటి నేల మీద పారింది. గడ్డి తడిసింది. అన్నయ్య చొక్కా ముందంతా తడిసింది.

"ఒలికిపోతోంది అన్నయ్యా" అన్నాను నేను, గుమ్మం దగ్గర కొబ్బరికాయ పట్టుకుని నిలబడి.

"ఒలికితే ఏమైంది? పసలేని పెట్రోలు. ఇంజనే అంటుకోదు, ఇంక గడ్డేం అంటుకుంటుంది?" అన్నాడు వదిన తమ్ముడు. ఆ మాట నాకూ నిజమే అనిపించింది. పాతబడిన మందు పనిచేయదు, పాతబడిన కారంలో ఘాటుండదు. పెట్రోలూ అంతే కాబోలు అనుకున్నాను. ఆ వాసనకి తల మాత్రం తిరుగుతోంది.

ముహూర్తం దగ్గర పడింది. కొత్త పెట్రోలు క్యాను గోడ వారగా సిద్ధంగా ఉంది. చక్రాల కింద పెట్టడానికి నిమ్మకాయలు, పసుపు, కుంకుమ, హారతి పళ్ళెం. మా వైపు కొత్త బండైనా, చాలాకాలం తర్వాత తీసిన పాత బండైనా హారతి ఇవ్వకుండా కదపరు. షెడ్డు గుమ్మంలో గాలికి పుల్ల నిలవదని వదిన వంటింట్లోనే కర్పూరం వెలిగించుకుని, చెయ్యి అడ్డం పెట్టుకుని వాకిట్లోకి వచ్చింది. కొత్త చీర, తల్లో పూలు, మొహం నిండా సంతోషం. ఆ మంట ఎండలో కనిపించడం కూడా లేదు.

అప్పుడు నేను పెద్దమ్మ వైపు చూశాను. ఆవిడ చేతిలో మామిడి ముక్క అలాగే ఉంది. తల పైకెత్తింది. కళ్ళు మూసుకుంది.

తర్వాత ఆవిడ లేచిన తీరు నేను మర్చిపోలేను. గోడ పట్టుకోలేదు. ఆవకాయ ముక్కలు చెల్లాచెదురయ్యాయి. చెప్పుల్లేకుండా కాలే వాకిట్లోంచి పరుగెత్తుకుంటూ వస్తోంది. నోరు తెరిచే ఉంది గానీ గొంతులోంచి మాట లేదు. అరవాలని ఎంత ప్రయత్నించినా గొంతు పెగల్లేదని తర్వాత చెప్పింది. వదిన షెడ్డు గుమ్మానికి, అంటే నేను నిలబడ్డ చోటికి, ఇంకాస్త దూరంలో ఉండగా పెద్దమ్మ వచ్చి, మండుతున్న కర్పూరం మీద అరచెయ్యి బోర్లించి నొక్కేసింది. వెంటనే తియ్యలేదు. చర్మం కాలిన వాసన వచ్చేదాకా అలాగే ఉంచింది. పళ్ళెం కింద పడింది. నిమ్మకాయలు దొర్లుకుంటూ పోయాయి.

"అత్తయ్యా! హారతి ఆర్పేశారేంటండీ?" అని వదిన ఘొల్లుమంది. హారతి దానంతటది ఆరిపోతేనే గుండె గుబేలుమంటుంది మాకు. చేత్తో ఆర్పడం నేను ఎక్కడా చూడలేదు. అన్నయ్య షెడ్డులోంచి బయటికి వచ్చి తల్లి మీద విరుచుకుపడ్డాడు.

"ఏంటమ్మా ఇది? పిల్ల కోసం ఓ మంచిపని చేసుకుంటుంటే! ఎప్పుడూ భయమేనా? ఈ ఇంట్లో ఒక్క శుభం సవ్యంగా జరగనివ్వవా?"

పెద్దమ్మకి ఇంకా మాట రాలేదు. కాలని చేత్తో టబ్బుని చూపించింది, కొడుకు చొక్కాని చూపించింది.

"అది పాడైపోయిన పెట్రోలమ్మా! అంటుకోదు. కావాలంటే నీ కళ్ళ ముందే చూపిస్తాను, రా" అని అన్నయ్య ఒక గిన్నె మూతలో కాస్త పెట్రోలు పట్టుకుని, షెడ్డుకి, ఇంటికి దూరంగా వాకిలి చివరికి బయల్దేరాడు. పెద్దమ్మ వెనక నుంచి చొక్కా పట్టుకుంది. అప్పుడు వచ్చింది గొంతు. "చొక్కా విప్పు ముందు" అంది. అన్నయ్య కదలబోయాడు. ఆవిడ వదల్లేదు. "విప్పి, చేతులు కడుక్కో. నా మీద ఒట్టు" అంది. ఆవిడతో వేగలేక చొక్కా విప్పి విసిరేసి, బోరింగు దగ్గర చేతులూ ఒళ్ళూ కడుక్కుని వెళ్ళాడు. మూత నేల మీద పెట్టి, వెనక్కి జరిగి, అగ్గిపుల్ల గీసి దాని వైపు విసిరాడు.

పుల్ల మూతని చేరలేదు. ఇంకా గాలిలో ఉండగానే భగ్గుమంది. మనిషెత్తు మంట లేచింది. అన్నయ్య వెల్లకిలా పడ్డాడు.

మంట ఆరింది. అన్నయ్య లేచి కూర్చుని ముందు తన వంటి వైపు చూసుకున్నాడు. అవతల పడి ఉన్న చొక్కా వైపు చూశాడు. తర్వాత షెడ్డు వైపు, నిండిన టబ్బు వైపు, తడిసిన గడ్డి వైపు, గుమ్మంలో నిలబడ్డ నా వైపు, పళ్ళెం జారిన చేతులతో నిలబడ్డ వదిన వైపు చూశాడు. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ షెడ్డుకి ఒకటే గుమ్మం.

మెకానిక్కి ఫోన్ చేస్తే ఉన్నపళంగా వచ్చి, పాడైన పెట్రోలు ఆవిరి కూడా అంటుకుంటుందని తెలీదా అని అన్నయ్యని వయసు కూడా చూడకుండా తిట్టాడు. అందరం దూరంగా నిలబడ్డాం. షెడ్డులో గాలాడనిచ్చి, ఒలికిన చోట ఇసుక పోయించి, తడిసిన గడ్డిని ఆరుబయటికి లాగించాడు. కారుని స్టార్ట్ చేయకుండా చేతులతో నెట్టుకుంటూ చెట్లు లేని చోటికి తీసుకెళ్ళారు. చేతికి తడిగుడ్డ చుట్టుకున్న పెద్దమ్మ ఇసుక బకెట్టు పట్టుకుని ముందు నడుస్తోంది, ఊరేగింపులో వెళ్తున్నట్టు. ఆ భయంలో కూడా నాకు నవ్వొచ్చింది. బ్యాటరీ తీసేసి, ట్యాంకు దింపి, టబ్బులోదీ ట్యాంకులోదీ మూతలున్న ఇనప డబ్బాల్లోకి పట్టాడు. వదిన తమ్ముడికి అప్పటికీ బుద్ధి రాలేదు. "తోటలో చెదపుట్టల్లో పోస్తే సరిపోద్దిగా అత్తయ్యగారూ" అన్నాడు. "పక్కనే బోరుంది. రేపట్నుంచి మేం నీళ్ళు తాగాలా, అది తాగాలా?" అంది పెద్దమ్మ. ఇలాంటివి తీసుకునే చోట అప్పగిస్తానని చెప్పి మెకానిక్ ఆ డబ్బాలు పట్టుకెళ్ళాడు.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి కట్టు కట్టించుకొచ్చాక, సాయంత్రం ఆవిడకి అన్నం కలిపి నేనే తినిపించాను. రెండు ముద్దలు తిని ఆపింది.

"అన్నిటికీ భయపడ్డాను గదే. దీనికి ఎందుకు భయపడలేదంటావ్?" అంది.

నేను ఇంకో ముద్ద కలిపాను.

"ఆయన కొట్టించిందని. దాని పైన గుడ్డ కప్పి, చుట్టూ గడ్డి పరిచి, మీ పిల్లలందర్నీ తీసుకెళ్ళి దాని పక్కన పడుకోబెట్టాను. గేదెని కట్టేసినట్టు" అంది. పొద్దున మంటని చేత్తో ఆర్పినప్పుడు వణకని మనిషి అప్పుడు గజగజ వణికింది. నేను చెయ్యి కడుక్కోకుండానే ఆవిడని పట్టుకుని కూర్చున్నాను.

కారు బాగుపడింది, పిల్ల నేర్చుకుంది. పెద్దమ్మ అరచేతి మధ్య చర్మం ముడుచుకుపోయి, ఆ చెయ్యి పూర్తిగా చాపడం మళ్ళీ రాలేదు. ఆ తర్వాత అన్నయ్య ఆవిడతో ఎప్పుడూ గొంతు పెంచి మాట్లాడలేదు. వదిన మాత్రం ఆ హారతి ఊసు ఎత్తేది కాదు. అపశకునమని బాధపడుతోందో, బతికామని తలుచుకుంటోందో మాకు తెలియలేదు. అత్తగారి చేతికి రోజూ నూనె రాసేది.

మొన్న నేను వెళ్ళేసరికి వాన పడుతోంది. పెద్దమ్మని వరండాలో అద్దాల ఫ్రీజర్ పెట్టెలో పడుకోబెట్టారు. తల దగ్గర దీపం, అగరొత్తులు. నిద్రలోనే పోయిందట. మొహం ప్రశాంతంగా ఉంది, ముడుచుకున్న చెయ్యి గుండెల మీద ఉంది. పిల్ల ఏలూరు నుంచి వచ్చాక తీసుకెళ్తారని చెప్పారు. నిప్పంటే అంత భయపడిన మనిషిని కాసేపట్లో నిప్పుకే అప్పగించాలి. ఆవిడ మొహం చూడలేక తల దించుకుని కూర్చున్నాను.

కరెంటు పోయింది. ఫ్రీజర్ ఆగకూడదని అన్నయ్య ముందే జనరేటర్ అద్దెకి తెప్పించాడు. దాన్ని తెచ్చినతను వానకి తడుస్తుందని వరండా చూరు కిందికి, దీపానికి నాలుగడుగుల దూరానికి లాక్కొచ్చి, ప్లాస్టిక్ క్యానులోంచి పెట్రోలు పోయడం మొదలుపెట్టాడు. సగం లోపలికి, సగం బయటికి. వాసన గుప్పున కొట్టింది. నేను లేవబోయాను. కాళ్ళు రాలేదు. అరవబోయాను. నోరు తెరుచుకుంది గానీ మాట లేదు. పెద్దమ్మకి ఆ రోజు ఎలా ఉండి ఉంటుందో నాకప్పుడు తెలిసింది.

తల దగ్గర కూర్చున్న వదిన తల పైకెత్తింది. కళ్ళు మూసుకుంది. మరుక్షణం దీపం మీద అరచెయ్యి బోర్లించి నొక్కేసింది. అగరొత్తులు పీకి నీళ్ళ చెంబులో ముంచింది.

"అమ్మాయ్! తల దగ్గర దీపం ఆర్పుతావేంటి? తప్పు, తప్పు!" అని వరసకి బాబాయి అయ్యే పెద్దాయన కేకేశాడు.

"ఆర్పనివ్వు బాబాయ్" అన్నాడు అన్నయ్య. అప్పటికే వానలోకి దూకి, జనరేటర్ని, క్యానుని, ఆ మనిషిని కలిపి రోడ్డు దాకా తోసుకుంటూ తీసుకెళ్తున్నాడు.

వదిన నా వైపు చెయ్యి చాపింది. నేను లోపలికి వెళ్ళి గూట్లోంచి ఇత్తడి డబ్బా తెచ్చి ఇచ్చాను. కాలిన చేత్తోనే పుల్ల తీసింది. గీయలేదు. తల ఎత్తి గాలి పీల్చింది. బాబాయి అగ్గిపెట్టె వైపు చూసి, మా మొహాలు చూసి, తనూ వాసన చూడటం మొదలుపెట్టాడు. వరండాలో ఉన్నవాళ్ళందరూ నోళ్ళు మూసుకుని గాలి పీలుస్తున్నారు. తడిమట్టి వాసన, బంతిపూల వాసన, వాటి అడుగున ఇంకా కొద్దిగా పెట్రోలు.

వదిన పుల్లని పెట్టెకి ఆనించకుండా పట్టుకుని కూర్చుంది. దేవుడు ఆగాడు. పెద్దమ్మ కూడా ఆగింది.